నిప్పు దాటేదాకా సాగిన కథ

నా చిన్నప్పుడు మా ఊళ్ళో ఎండాకాలం వచ్చిందంటే గాలి నిండా ఇప్పపువ్వు వాసనే. పర్ణశాల దాటాక అడవి అంచున ఉండేది మా ఊరు. పువ్వు ఏరే ముందు చెట్టు కింద రాలిన ఆకును కాలుస్తారు. నేల శుభ్రంగా ఉంటే రాత్రి రాలిన పువ్వు కంటికి ఆనుతుంది. అయితే నిప్పు పెట్టే ముందు, మంట బయటికి పాకకుండా చెట్టు చుట్టూ వెడల్పుగా ఊడ్చి, మట్టి తేలేలా చేయాలి. ఈ సంగతి మా ఊళ్ళో పిల్లలకు కూడా తెలుసు.

మా బాబాయి మాత్రం మరిచిపోయాడు. పాల్వంచలో కరెంటు ఫ్యాక్టరీ ఉద్యోగం, చేతిలో ఎప్పుడూ ఏదో లావుపాటి నవల. సెలవుకు వచ్చి, నన్నూ తమ్ముణ్ణీ వెంటబెట్టుకుని పొద్దున్నే అడవికి బయల్దేరాడు. నేను చెప్పబోయేలోపే, ఊడ్వకుండానే అగ్గిపుల్ల గీశాడు. గాలి లేచింది. చూస్తుండగానే మంట పక్క పొదలకు అంటుకుని మా ఇంటిదారికి అడ్డం తిరిగింది.

బాబాయి మమ్మల్ని చెరో చేత్తో పట్టుకుని వాగులోకి దూకాడు. వాగులో నీళ్ళు లేవు, ఇసుకే. చేతులతో చెలమ తోడి, ఊరిన నీళ్ళలో తువ్వాలు తడిపి మా మొహాల మీద కప్పాడు. గట్ల మీద ఎండుటాకు చిటపటమంటోంది. పొగకు ఊపిరాడటం లేదు. చచ్చిపోతామనే అనుకున్నాను. తమ్ముడు ఇంటికి పోతానని ఏడుస్తూ గట్టెక్కబోయాడు. ఎక్కితే నేరుగా మంటలోకే.

బాబాయి వాడి నడుము పట్టి లాగాడు. "ఏడికి పోతవ్‌రా? కూసో. జర్మనీల ఒకాయన ఉండె, నవలలు రాసేటోడు. ఆయన కథ చెప్త."

ఆ సమయంలో కథేమిటని నాకు కోపం వచ్చింది. ఆయన మాత్రం చెబుతూనే ఉన్నాడు. షావుకారు కొడుకట. బడి చదువు అబ్బలేదట. సొంత ఇంటివాళ్ళ మీదే ఇంత లావు నవల రాస్తే ఊరివాళ్ళు మొహం తిప్పుకున్నారట. లోకమంతా మెచ్చుకున్నాక ఆ దేశం దుర్మార్గుల చేతుల్లో పడిందట. పుస్తకాలు వీధిలో పోసి తగలబెట్టారట.

"మరి ఆయనేమైండు?" అన్నాడు తమ్ముడు తువ్వాలు కిందనుంచి.

"దొరకలె. పడవెక్కి నది దాటిండు."

మంట దగ్గరైనప్పుడల్లా ఆ రచయితకు కొత్త కష్టం వచ్చేది. "తర్వాత ఏమైంది?" అని మేం అడగకుండా ఉండలేకపోయాం. పరాయి దేశంలో, తన భాష చదివేవాళ్ళే లేనిచోట, రోజూ పొద్దున్నే కూర్చుని రాసేవాడని చెప్పేసరికి మంట మమ్మల్ని దాటి గుట్టవైపు పోయింది. బాబాయి మా మొహాల మీది తువ్వాలు తీశాడు. "నాదే తప్పు బిడ్డా" అంటూ మమ్మల్ని కావలించుకుని వలవలా ఏడ్చాడు. ఆయనా మాలాగే హడలిపోయాడని అప్పుడు తెలిసింది.

పెద్దయ్యాక, బాబాయి చెప్పిన పేరు పట్టుకుని ఆ రచయిత జీవితం చదివాను. పడవ లేదు, నది లేదు. సగం బాబాయి అల్లినదే. రోజూ పొద్దున్నే రాయడం మాత్రం నిజం.

నిప్పంటే నాకిప్పటికీ భయమే. పొయ్యి ఆర్పానో లేదో మళ్ళీ మళ్ళీ చూస్తాను. మొన్న ఖమ్మంలో గుండె ఆపరేషన్‌కు నన్ను లోపలికి తోసుకెళ్తుంటే మళ్ళీ ఆ వాగులోనే ఉన్నట్టనిపించింది. బాబాయి పోయి చాలా ఏళ్ళయింది. అయినా కళ్ళు మూసుకుని ఆయన్నే అడిగాను, "తర్వాత ఏమైంది బాబాయ్?"