నిలబడి మండిన గంటలు

కాలిన ఇంజను ఆయిలు వాసన చాలామందికి గిట్టదు. నాకు మాత్రం అది ముక్కుకు తగిలితే కాళ్ళు కదలవు. మొన్న ద్వారకా నగర్‌లో కారు సర్వీసుకు ఇచ్చినప్పుడూ అంతే. బండి కింద పెట్టిన పళ్ళెంలోకి నల్లటి ధార పడుతుంటే చూస్తూ నిలబడిపోయాను. మెకానిక్కు నలభై దాటిన మనిషి. మీటరు వైపు చూపించి, "అనవసరంగా మార్పిస్తన్నారు మేడమ్, కిలోమీటర్లు సగం కూడా అవనేదు" అన్నాడు. "గంటలు అయ్యాయి నాయనా" అన్నాను. అతను అయోమయంగా నవ్వాడు. ఆ మాట నాది కాదు, అసిరయ్యది.

డెబ్బైల చివర్లో మల్కాపురంలో నాకు చిన్న పురుళ్ళ ఆసుపత్రి ఉండేది. రెండు గదులు, ఆరు మంచాలు, ఒక నర్సు, ఒక పాత అంబాసిడర్. ఆ కారు నడిపేవాడు అసిరయ్య. అంతకు ముందు ఇరవై ఏళ్ళు హార్బరులో లాంచీ ఇంజను దగ్గర పనిచేశాడు. లాంచీ మనిషి కాబట్టి బండిని చూపుతో కంటే చెవితో ఎక్కువ కనిపెట్టేవాడు. పొద్దున్నే బానెట్ ఎత్తి, ఆయిలు కొలిచే కమ్మీ బయటికి లాగి, దాని కొసన ఉన్న చుక్కని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది, వాసన చూసేవాడు. అది అయ్యాక గానీ టీ నోట పెట్టేవాడు కాదు. జేబులో ఒక చిన్న నోటుపుస్తకం ఉండేది. ఇంజను ఎప్పుడు లేచింది, ఎప్పుడు ఆగింది, వంకర టింకర అక్షరాలతో రాసుకునేవాడు. లాంచీ అలవాటు, పోనీలే అనుకునేదాన్ని.

నాకప్పుడు ముప్పై ఒకటి. చదువుకున్నానన్న పొగరు నిండా ఉండేది. ఆయన నాకంటే పాతికేళ్ళు పెద్ద, అయినా 'నువ్వు' అనే పిలిచేదాన్ని. వారానికి మూడు రోజులు కంచరపాలెం వైపు ఇళ్ళకు వెళ్ళి గర్భిణులను చూసేదాన్ని. దారిలో రైలు గేటు. అది పడిందంటే గూడ్సు మీద గూడ్సు, అరగంటకు తక్కువ కాదు. బండికి స్టార్టింగు ట్రబులు. ఆపితే మళ్ళీ ముందుకెళ్ళి హ్యాండిలు తిప్పాలి. అందుకని ఇంజను ఆపకుండా అలాగే కూర్చునేవాళ్ళం. రోగి ఇంటి ముందు కూడా అంతే, నేను లోపల, బండి బయట ఆన్‌లో. ఇంకోవైపు స్టీలు ప్లాంటు కడుతున్న రోజులు. లారీలు లేపే దుమ్ముకి తెల్ల కారు మధ్యాహ్నానికి ఎర్రగా అయ్యేది.

ఒకరోజు ఆయన వచ్చి, "డాట్రమ్మా, ఆయిలు మార్సీయాల" అన్నాడు. మీటరు చూశాను. కంపెనీ పుస్తకం తీశాను. అందులో రాసిన మైళ్ళలో సగం కూడా కాలేదు.

"ఇదిగో, చూడు. ఇంకా బోలెడు టైముంది."

"ఆ పొస్తకం మంచి రోడ్డు మీద పరిగెట్టే బండికమ్మా. మనది దుమ్ములోన తిరుగుతాది, గేటుకాడ నిలబడి మండుతాది. సగానికే మార్సాల."

ఆ వారమే మా నర్సు నా చెవిలో ఒక మాట వేసింది. మార్చినప్పుడల్లా కాలిన ఆయిలు అసిరయ్య డబ్బాలో ఇంటికి పట్టుకెళ్తాడట, తమ్ముడి పడవకు పూస్తాడట. ఆ మాట మనసులో పెట్టుకుని అనేశాను. "బండికి కావాలా అసిరయ్యా, మీ తమ్ముడి పడవకి కావాలా?"

ఆయన మొహం మాడిపోయింది. "సరేనమ్మా. మీ బండి, మీ పొస్తకం" అని వెళ్ళిపోయాడు. ఇప్పటికీ నేనన్న ఆ మాట తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మూడు నెలలు గడిచాయి. ఆయన మళ్ళీ ఆయిలు ఊసెత్తలేదు. ఎండాకాలం మధ్యాహ్నం, కంచరపాలెంలో ఒక ఇంట్లో కాన్పు అయిన అమ్మాయికి రక్తం ఆగలేదు. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళక తప్పదు. వెనక సీట్లో పడుకోబెట్టి, పొత్తికడుపు నా అరచేత్తో అదిమి పట్టుకుని బయల్దేరాం. గేటు పడి ఉంది. గూడ్సు కదలట్లేదు. ఇంజను కటకటమంది, మీటరు పక్కన ఆయిలు ఎర్ర లైటు వెలిగింది, ఒక్కసారి గట్టిగా కుదిపి ఆగిపోయింది. అసిరయ్య హ్యాండిలు పెట్టి బలమంతా ఉపయోగించినా తిరగలేదు. ఇంజను పట్టేసింది.

నేను వెనక సీట్లోంచి కదల్లేను. ఆయన మాత్రం ఒక్క క్షణం ఆగలేదు. టీ బడ్డీ బల్ల లాగాడు, లైను మీద పనిచేస్తున్న నలుగురిని కేకేశాడు. "బావా, పట్టండ్రా! పచ్చి బాలింత!" చివరికి గూడ్సు కదిలి, దాని తోక దాటగానే ఆ బల్ల మీద అమ్మాయిని పట్టాల అవతలికి మోశారు. నేను చెయ్యి తియ్యకుండా పక్కనే పరిగెత్తాను. అవతల ఒక లారీ దొరికింది. అమ్మాయి బతికింది. అది నా గొప్ప కాదు, ఆ బల్లదీ ఆ నలుగురిదీ అసిరయ్యదీ.

మర్నాడు షెడ్డులో ఇంజను అడుగున ఉండే ఆయిలు చాంబరు విప్పారు. ఆయిలు ఎక్కడుంది? చిక్కటి నల్లటి ముద్ద, గరిటెతో తియ్యాల్సి వచ్చింది. అక్కడి మెకానిక్కు అసిరయ్య మీద విరుచుకుపడ్డాడు. "ఏటి బావా, ఇదేటి పని? లాంచీ నడిపినోడివి, ఆయిలు మార్సుకోనేదా?"

అసిరయ్య తల వంచుకున్నాడు. "నానే మర్సిపోనాను బావా" అన్నాడు.

ఇరవై ఏళ్ళ పనిమంతుడు తన తోటివాళ్ళ ముందు పరువు తీసుకుంటున్నాడు, నా కోసం. "మరిచిపోలేదు. మార్చాలంటే నేనే వద్దన్నాను. పైగా దొంగతనం అంటగట్టాను" అని అందరి ముందూ చెప్పాను. "మీరు నన్ను క్షమించాలి" అన్నాను. "ఇదేటమ్మా, కొత్తగా మీరూ గీరూ" అని ఆయన సిగ్గుపడిపోయాడు. అప్పుడు ఆ నోటుపుస్తకం అడిగి తిరగేశాను. 'గేటుకాడ', 'సూరమ్మ ఇంటికాడ', 'ఆసుపత్రి కాడ' అని పేజీల నిండా ఉన్నాయి. బండి అంగుళం కదలకుండా మండిన గంటలు.

"నడిసిన మైళ్ళు మీటరు సెప్తాదమ్మా. నిలబడి మండిన గంటలు ఎవులు సెప్తారు?" అన్నాడు ఆయన.

ఆ ప్రశ్న నా వైద్యాన్ని మార్చేసింది. రక్తం లేక పాలిపోయిన ఆడవాళ్ళు వచ్చేవారు. ఏం పని చేస్తావమ్మా అంటే, "పనేటమ్మా, ఇంటికాడే ఉంతాను" అనేవారు. అంతకు ముందు కార్డు మీద 'పని లేదు' అని రాసి మాత్రలిచ్చి పంపేదాన్ని. ఆ తర్వాత ఎన్నింటికి లేస్తావు, ఎంతసేపు నిలబడతావు, ఎప్పుడు కూర్చుని తింటావు అని అడగడం మొదలుపెట్టాను. లెక్క చెబుతూ చెబుతూ మధ్యలోనే ఏడ్చేసిన వాళ్ళున్నారు. అంతవరకూ వాళ్ళనెవరూ అడగలేదు.

అందరినీ అడిగాను. ఒక్క మనిషిని తప్ప.

ఎనభైల మధ్యకి వచ్చేసరికి అసిరయ్య వాచిన కాళ్ళకి పట్టక చెప్పుల పట్టీ బ్లేడుతో కోసి వదులు చేసుకున్నాడు. చూశాను. మెట్లెక్కితే ఆయాసం. విన్నాను కూడా. "ఒంట్లో బాగుందా?" అని పైపైన అంటే, "నాకేటమ్మా, కూకునే కదా ఉంతాను" అన్నాడు. నేను నవ్వి కారెక్కాను. ఇంటికాడే ఉంతాను అనే మాట వందల నోళ్ళలో పట్టుకున్న దాన్ని, నా ముందు సీట్లోంచి వచ్చిన అదే మాట పట్టుకోలేకపోయాను. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళేసరికి గుండె బాగా చెడిపోయి ఉంది. ఎనిమిది నెలలు మంచాన ఉండి కన్నుమూశాడు.

దినాలయ్యాక ఆయన భార్య వచ్చి ఆ నోటుపుస్తకం నా చేతిలో పెట్టింది. "మీ బండిదేనమ్మా" అంది. ఆ సాయంత్రం మొదటి పేజీ నుంచీ చదివాను. గేటుకాడ, సూరమ్మ ఇంటికాడ, ఆసుపత్రి కాడ. ఆ గంటలన్నిట్లోనూ మండింది బండి ఒక్కటే కాదు. స్టీరింగు ముందు ఆయన ఉన్నాడు, ఎండలో, దుమ్ములో, తిండి వేళ దాటిపోయి. ఇంజనుకి కొత్త ఆయిలు పోశాం. ఆయనకి ఏం చేశాం? పుస్తకం మూసి భోరున ఏడ్చాను.

ద్వారకా నగర్ మెకానిక్కు కొత్త ఆయిలు పోసి, చేతులు గుడ్డకి తుడుచుకుని లేచాడు. లేస్తూ కారు పట్టుకున్నాడు. అతని చీలమండల వైపు చూశాను.

"పొద్దున్నుంచీ ఎంతసేపైంది నిలబడి?"

"మాకలవాటే మేడమ్."

పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీ లాగి అతని ముందు వేశాను. అతను పరాచికమనుకున్నాడు. కారు తాళాలు చేతిలో పెట్టుకుని, అతను కూర్చునేదాకా అక్కడి నుంచి కదల్లేదు.