నాలుగో మూల దిష్టిగుడ్డ

కదిరి బస్టాండు దగ్గర బజ్జీల బండికి అతికించిన క్యూఆర్ కోడ్‌ను చూసి, "ఇది మన బొంత మాదిరే ఉండాదే!" అని నవ్వింది సువర్ణ. అందరూ దానికి ఫోను చూపించి కదిలిపోయారు. ఆమె మాత్రం ఆ గళ్లు చూస్తూ నిలబడిపోయింది.

మా పక్క పాతగుడ్డలతో బొంతలు కుట్టడం ఆడవాళ్లందరికీ వచ్చిన పనే. సువర్ణ కోడలిగా వచ్చాక అత్త ఆంజినమ్మ దగ్గర సూది పట్టింది. ఫోనులో గళ్ల బొమ్మలు గీయడం తానే నేర్చుకుంది. రెండూ కలిపి గోడకు వేలాడదీసే బొంతలు కుడుతుంది.

ఈసారి కుట్టింది నిలువెత్తు కోడ్. తెల్లగళ్లకు ఊళ్లో ముసలివాళ్లు పాత పంచెలిచ్చారు. నల్లగళ్లకు అయ్యప్ప దీక్ష విరమించినవాళ్లు తమ గుడ్డలిచ్చారు, కాళ్ల కింద పరచనని ఆమె మాట ఇచ్చాకే. ఆ బొంతకు ఫోను చూపిస్తే, రికార్డు చేసి పెట్టిన ఆంజినమ్మ పాట వినబడాలి. బొంత కుట్టేటప్పుడు పాడే ఆ పాట ఊరిలో ఇప్పుడు ఆమె ఒక్కతెకే వచ్చు. అనంతపురం ప్రదర్శనలో దాన్ని నలుగురికీ వినిపించాలని సువర్ణ పట్టుదల.

బయలుదేరే పొద్దున, ఆటో యేసన్న వాకిట్లోకి వచ్చాక, ఆఖరిసారి ఫోను పెట్టి చూసింది. పాట రాలేదు. పై మూలలోని నల్లపెట్టెను కప్పేస్తూ ఎర్రగుడ్డ!

"అత్తా, ఇది నువ్వు కుట్టినావా?"

"నేను గాక ఇంకెవరు? అంతమంది చూసే బొంత, దిష్టిగుడ్డ లేకుండా పంపిస్తానా? కుట్టు మొదలైన మూలలోనే పెట్టినా."

"బొంతకు తగల్లేదు గానీ, దిష్టి ఫోనుకు తగిలిండాదమ్మా!" అన్నాడు యేసన్న.

సువర్ణ కోప్పడలేదు. పీకేస్తే పెద్దామె మనసు నొచ్చుకుంటుంది. ఉంచితే పాట రాదు. అత్తను పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఈ మూడు మూలల్లో పెట్టెలుండాయి చూడు. ఫోను ముందు వీటినే వెతుక్కుంటాది. నాలుగో మూలలో పెట్టె లేదు. దిష్టిగుడ్డ ఆడుంటే అడ్డం రాదు."

"ఆడ కుట్టు ముగిసింది కదమ్మే."

"హారతి పూజ ముగిసినాకనే కదత్తా ఇచ్చేది?"

ఆంజినమ్మ ఎర్రగుడ్డ కుట్లు తానే విప్పింది. "సూది ఇట్లా తే. నేనే కుడతా."

కుట్టడం అయ్యాక యేసన్న బొంతను ఎత్తి పట్టుకున్నాడు. అయ్యప్ప గుడ్డలకు మట్టి అంటకూడదని చేతులు ఇంకా పైకి లేపాడు. సువర్ణ స్వామిని తలుచుకుని ఫోను చూపింది.

పాట మొదలైంది.

ఆంజినమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "నేనేనా? గొంతు బాగనే ఉండాదే!" చివరిదాకా విని తల అడ్డంగా ఊపింది. "ఇంకో చరణం మర్చిపోయినానమ్మే. అది యాడ పెడతావు?"

"ఇంకో బొంతలో" అంది సువర్ణ ఆటో ఎక్కుతూ. "నేనొచ్చేలోపల గుడ్డలు ఏరిపెట్టు."

"నల్లవా, తెల్లవా?"

"రెండూ. ఎర్రది మాత్రం నీ ఇష్టం."