నాలుగు లారీల మర్యాద

ఆ రోజుల్లో నాకు తెలియనిది లేదనుకునేదాన్ని. ఆ రోజులంటే మరీ తాతలనాటివి కావు. ఉద్యోగంలో చేరి రెండేళ్ళయి, బెంగుళూరు కంపెనీ పనిని అమలాపురంలో మా ఇంటి మేడమీద గదిలో కూర్చుని చేసుకుంటున్న రోజులు. మెడలో హెడ్‌ఫోన్లు, పక్కన అమ్మ పెట్టిన పెసరట్టు, నోటినిండా ఇంగ్లీషు. ఖాళీ గ్లాసు కోసం అమ్మ వస్తే మీటింగులో ఉన్నానని చేత్తోనే తరిమేసేదాన్ని (నిజానికి సగం మీటింగుల్లో నన్ను నోరు విప్పమని ఎవరూ అడిగేవారు కాదు).

అప్పుడే మా కంపెనీకి ఒక రొయ్యల వ్యాపార సంస్థ పని వచ్చింది. రైతుల సందేశాలు ఒకచోట, ఐసు ఫ్యాక్టరీ కంప్యూటరు ఒకచోట, లారీల జాబితా ఇంకోచోట, మూడూ మాటల్లేని తోడికోడళ్ళలా ఎవరి గదిలో వాళ్ళున్నట్టుండేవి. వాటిని క్లౌడులో కలపాలి, అదీ సర్వర్‌లెస్ పద్ధతిలో. అంటే మనకంటూ రాత్రింబవళ్ళు నడిచే యంత్రం ఉండదు. రైతు ఫోనులో సందేశం పెడితే ఎక్కడో ఒక చిన్న ప్రోగ్రాము నిద్రలేచి, ఆ ఒక్క పనీ చేసి మళ్ళీ పడుకుంటుంది. ముందటిసారి ఏం చేసిందో దానికి గుర్తుండదు, గుర్తుండే ఏర్పాటు మనమే చేయాలి. ఈ సంగతి నాకు పుస్తకంలో బాగా తెలుసు.

చెరువు పట్టుబడి రోజున, అంటే రొయ్యలు పట్టే రోజున, రైతు ఐసు కావాలంటాడు. ఒక లారీ పంపమంటారా అండీ అని ప్రోగ్రాము అడుగుతుంది. ఆయన ఒప్పుకుంటే లారీ బయల్దేరుతుంది. ఒప్పుకోలు మాటల జాబితాలో అవును, సరేల పక్కన ‘ఆయ్’ చేర్చింది నేనే. అదేమిటని బెంగుళూరు మేనేజరు అడిగితే మా గోదావరి వాళ్ళ మర్యాద గురించి పావుగంట ఉపన్యాసం ఇచ్చాను. పరీక్షించినవాళ్ళందరూ బెంగుళూరు వాళ్ళు. ఒకసారి సరే అని, జవాబు చూసుకుని ఊరుకున్నారు. అన్నీ పాసయ్యాయి.

మొదటి రోజు మొదటి రైతు ఐ.పోలవరంలో ఉండే మా బాబాయిగారు. నేనే పట్టుబట్టి చేర్పించాను. బస్సు దిగేటప్పుడు కండక్టరుకి కూడా వెళ్ళొస్తానండీ అని చెప్పే మనిషి ఆయన. ఐసు పంపమంటారా అంటే ఆయ్ అన్నారు. లారీ బయల్దేరిందండీ, ధన్యవాదాలండీ అంది నా ప్రోగ్రాము. అవతలివాళ్ళు అంత మర్యాదగా చెబితే పలక్కుండా ఎలా ఉంటారు, మళ్ళీ ఆయ్ అన్నారు. ప్రోగ్రాముకి పాతది గుర్తులేదు. కొత్త ఒప్పుకోలు కదా అని ఇంకో లారీ పంపి, మళ్ళీ ధన్యవాదాలు చెప్పింది. బాబాయిగారు మళ్ళీ ఆయ్. ఇద్దరిలో ఎవరూ తగ్గలేదు. ఫ్యాక్టరీలో ఉన్నవి నాలుగే లారీలు కాబట్టి వ్యవహారం నాలుగుతో ఆగింది. ఇదివరకు ఫ్యాక్టరీలో ఫోనెత్తే గుమస్తాగారైతే రెండో ఆయ్‌కి నవ్వుకుని పెట్టేసేవారు. ఆయనకి శ్రమ తగ్గిస్తున్నామని ఆ పని నుంచి తప్పించింది మేమే.

తొమ్మిదింటికి కువైట్ అత్తయ్యగారు ఫోను చేశారు. కువైట్‌లో ఉండేది భర్త, ఆవిడ ఎప్పుడూ వెళ్ళలేదు. బాబాయిగారి ఊరి చివర రెండు చెరువులు ఒంటిచేత్తో చూసుకుంటారు. మాట బహు పొదుపు. ఆవిడ ఐసు అడిగేసరికి లారీలు లేక ఆ సందేశం వరుసలో పడి ఉంది.

"ఐసు రాలేదమ్మా. రొయ్య గట్టు మీదుంది," అన్నారంతే.

ఆవిడ నెలల కష్టమంతా ఎండలో ఉంది. తెర తెరిచి చూస్తే నాలుగు లారీలూ బాబాయిగారి పేరు మీదే ఉన్నాయి. ప్రోగ్రాముని ఆపేసి ఆయనకి ఫోను చేశాను.

"నాలుగూ ఇక్కడే ఉన్నాయమ్మా," అన్నారాయన ఎంతో సంతోషంగా. "మీ కంపెనీవాళ్ళు గౌరవం కొద్దీ పంపేరనుకున్నాను. వద్దంటే ఏవనుకుంటారోనని ఊరుకున్నా."

సంగతి చెప్పగానే ఆ గొంతులో సంతోషం పోయింది. మిగిలిన మూడు లారీల్లో ముందుదాంట్లో డ్రైవరు పక్కన తనే ఎక్కి కూర్చుని, మూడింటినీ అత్తయ్యగారి చెరువుకి తీసుకెళ్ళారు. నేను స్కూటీ మీద ముమ్మిడివరం దాటి, పడుతూ లేస్తూ అక్కడికి చేరేసరికి కూలీలు క్రేట్లలో రొయ్యల మీద ఐసు పరుస్తున్నారు. బాబాయిగారు పంచె ఎగగట్టి, పార పట్టుకుని, సాయం పేరుతో వాళ్ళకి అడ్డం పడుతున్నారు. రంగు మారిన రొయ్య ఒక బుట్టెడు విడిగా పెట్టి ఉంది. మిగతాదంతా దక్కింది.

అత్తయ్యగారు నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది, అంత సిగ్గేసింది నాకు. తప్పు నాదేనని ఒప్పుకుని, ఒకసారి ఒప్పుకున్నాక ఇంకేమీ జవాబివ్వద్దని రైతులందరికీ రాసి పంపుతానన్నాను. బాబాయిగారి మొహం చిన్నబోయింది.

"అదేం వద్దమ్మా," అన్నారు అత్తయ్యగారు. "ఆయన ఎన్నిసార్లు ఆయ్ అన్నా చెరువు ఒకటే కదా. అది చూసుకోమను నీ మిషన్ని."

పుస్తకంలో చదివి కూడా నేను చెయ్యని పని సరిగ్గా అదే. ఒక రోజు, ఒక చెరువు, ఒక లారీ అని గుర్తుపెట్టుకునేలా ఆ మధ్యాహ్నమే తిరగరాశాను. మొదటి ఆయ్‌కి లారీ పంపాక ఇంకెన్ని ఆయ్‌లొచ్చినా ప్రోగ్రాము లారీ పంపదు, ధన్యవాదాలూ చెప్పదు (చెబితే బాబాయిగారికి ఇక భోజనానికి లేవడం కుదరదు). వచ్చినవాటిని ఒక పక్కన రాసుకుని ఊరుకుంటుంది.

ఇప్పుడు నన్ను ఆర్కిటెక్టు అంటున్నారు. ఒకే మాట పదిసార్లు వచ్చినా పని ఒక్కసారే జరగాలని నేను బోర్డు మీద రాస్తుంటే కొత్తగా చేరినవాళ్ళు బుద్ధిగా రాసుకుంటారు. ఎవరి దగ్గర నేర్చుకున్నానో మాత్రం చెప్పను, పరువు కదా. అప్పుడప్పుడు ఆ రొయ్యల సంస్థ తాలూకు జాబితా తెరిచి చూస్తాను. ‘పనికిరాని సందేశాలు’ అని నేనే పేరు పెట్టిన చోట, ప్రతి పట్టుబడికీ, బాబాయిగారి ఆయ్ ఒకటి ఉంటుంది. అవతల వినేవాళ్ళు లేరని ఆయనకి తెలియదు. వాటికి ఆ పేరు పెట్టిన అప్పటి మహా మేధావిని తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త దిగులూ వేస్తుంది. చుట్టుపక్కల ఎవరూ లేకుండా చూసుకుని, తెరకేసి నేనూ ఒకసారి ఆయ్ అనేసి మూసేస్తాను.