మామ చెప్పిపోయిన మాట

దెయ్యాల కథ చెప్పేవాళ్ళను నేను చివరిదాకా చెప్పనిచ్చేదాన్ని కాదు. "చూసినవాడు తాగి ఉన్నాడా? అప్పుడు కరెంటు ఉందా?" అని మధ్యలోనే అడ్డుపడి వాళ్ళ ఉత్సాహం మీద నీళ్ళు చల్లేదాన్ని. నా ఉద్యోగం అలాంటిది. కంప్యూటర్‌లో ఏదీ ఊరికే జరగదు. కారణం ఎక్కడో ఉంటుంది, ఓపికగా వెతకాలి. ఇప్పుడు చెప్పబోయేదానికి కూడా చాలా వెతికాను.

మాది కోవిల్‌పట్టి. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. కోవిల్‌పట్టిలోనూ విరుదునగర్‌లోనూ శాఖలున్న ఒక ప్రైవేటు ఆసుపత్రిలో డేటాబేస్ చూసుకుంటాను. రోగుల వివరాలు రెండు ఊళ్ళలోనూ ఉంటాయి. ఒక ఊరి మెషిన్ ప్రైమరీ, రాసేదంతా దాంట్లోనే. రెండో ఊరిది స్టాండ్‌బై, మొదటిదాంట్లో పడినదంతా తనలోకి ఎత్తుకుంటూ కూర్చుంటుంది. ఇల్లు నడిపే అన్న, పక్కనుండి అంతా గమనించే తమ్ముడు అనుకోండి. అన్న పడిపోతే తమ్ముడు పెద్దరికం తీసుకోవాలి. ఇద్దరూ ఒకేసారి పెద్దరికం చేస్తే మాత్రం కొంప మునుగుతుంది. అందుకే అన్నీ బాగున్నప్పుడే అప్పుడప్పుడు వంతులు మార్చి చూసుకుంటాం.

వంతు మారేటప్పుడు పెద్దరికం దిగిపోయే మెషిన్ ముందు మనిషి కూర్చుని ఆదేశాలు కొట్టాలన్నది మా ఆసుపత్రి నియమం. బయటి నుంచి కుదరదు. విరుదునగర్‌లో ఆ మనిషి గురుసామి మామ. మా అమ్మకు వరసకు తమ్ముడు. కారియాపట్టి నుంచి రోజూ బస్సులో వచ్చేవాడు.

మావాళ్ళలో ఇల్లు వదిలేటప్పుడు "పోతా" అనకూడదు, "పోయొస్తా" అనాలి. లోపలున్నవాళ్ళు "పోయి రా" అనాలి. మామ ఈ ఆచారాన్ని మెషిన్లకు కూడా అంటగట్టాడు. దిగిపోయే ఊరివాళ్ళు ఫోన్‌లో "పోయొస్తా" అనాలి, ఎక్కే ఊరివాళ్ళు "పోయి రా" అనాలి, ఆ తర్వాతే ఆదేశం. మొదట్లో నేను ఎగతాళి చేసేదాన్ని.

"దానికేమన్నా చెవులుండాయా మామా?"

"దానికి లేకుంటే ఏమి పాపా, నాకుండాయి కదా. దిగినేది తిరిగి ఎక్కల్ల. అంతే."

ఒక ఏడాది వానలకు కోవిల్‌పట్టి సర్వర్ రూమ్ కప్పు కారింది. మరమ్మతు అయ్యేదాకా విరుదునగర్ మెషిన్‌ను ప్రైమరీగా నడిపాం. కప్పు బాగయ్యేసరికి ఆ మెషిన్ డిస్కు ఒకటి చెడిపోయే సూచనలు చూపించింది. అది ఆగితే రెండు ఆసుపత్రులూ ఆగుతాయి. ఆదివారం రోగులు తక్కువ కాబట్టి ఆ రోజే కోవిల్‌పట్టికి మార్చేద్దామని నేనూ మామా అనుకున్నాం.

ఆదివారం మధ్యాహ్నం భోజనాల వేళ నా ఫోన్ మోగింది. విరుదునగర్ సర్వర్ రూమ్ ల్యాండ్‌లైన్ నంబరు. మామే. వెనకాల ఏసీ హోరు వినిపిస్తోంది. గొంతులో ఆయాసం లేదు, తొందర లేదు. స్టాండ్‌బై ఎక్కడా వెనకబడి లేదని ఇద్దరం సరిచూసుకున్నాం.

"పోయొస్తా పాపా."

"పోయి రా మామా."

విరుదునగర్ దిగింది, కోవిల్‌పట్టి ఎక్కింది. మామూలుగా అయితే అక్కడితో ఫోన్ పెట్టేస్తాడు. ఆ రోజు పెట్టలేదు.

"అత్తకి కూడా చెప్పు పాపా. పోయొస్తానని."

"సాయంకాలం ఇంటికే కదా మామా పోతావు, నువ్వే చెప్పుకో," అని నవ్వాను. లైను కట్ అయింది.

సాయంత్రం అమ్మ ఏడుస్తూ ఫోన్ చేసింది. మామ పొద్దున్నే కారియాపట్టి బస్టాండులో కుప్పకూలిపోయాడట. బస్సు ఎక్కనే లేదు. ఆసుపత్రికి చేర్చేసరికే ప్రాణం లేదన్నారు. నాకు ఫోన్ వచ్చిన వేళకు ఆయన్ను ఇంటికి తెచ్చి నడవలో పడుకోబెట్టి ఉన్నారు, చుట్టూ ఊరంతా ఉంది.

లేదమ్మా, మధ్యాహ్నం నాతో మాట్లాడాడు, అని నేను అరిచాను. అమ్మ నాకు మతి పోయిందనుకుంది.

మర్నాటి నుంచి వెతకడం మొదలుపెట్టాను. సర్వర్ రూమ్ తాళంచెవి మామ చొక్కా జేబులో ఉండి, ఆయనతోపాటు ఇంటికి వచ్చింది. రెండోది మేనేజర్ దగ్గరుంది. ఆయన ఆ రోజు తిరుచ్చులిలో పెళ్ళిలో ఉన్నాడు, ఆ తాళంచెవి కూడా ఆయనతోనే ఉంది. గది తలుపు వేసినది వేసినట్టే ఉందని వాచ్‌మన్ చెప్పాడు. కోవిల్‌పట్టికి చేరిన రికార్డుల్లో చూస్తే, ఆదేశాలు మాత్రం ఆ గదిలోని కీబోర్డు నుంచే, మామ పేరు మీదే వచ్చాయి. ఒక ఆదేశం మొదట తప్పుగా కొట్టి, మళ్ళీ సరిగా కొట్టి ఉంది. మామ ప్రతిసారీ తప్పేది ఆ ఆదేశం దగ్గరే. ఆయన పాస్‌వర్డు ఇంకెవరికో తెలుసనే అనుకుందాం. మరి ఆ గొంతు? నా ఫోన్‌లో ఆ కాల్ ఉంది, మేనేజర్‌కు కూడా చూపించాను. ఆయన చూసి ఫోన్ తిరిగి ఇచ్చేశాడు.

ఆ డిస్కు ఆదివారం రాత్రే పూర్తిగా పోయింది.

పెద్దకర్మ అయ్యాక అత్తను చూడటానికి కారియాపట్టి వెళ్ళాను. మనిషి సగమైపోయింది. ఆ ఆదివారం వత్రాప్‌లో అత్త చెల్లెలింటికి తీసుకుపోతానని మామ ఆమెకు మాట ఇచ్చి ఉన్నాడట. పొద్దున్నే పనికి బయలుదేరేసరికి ఆమెకు కోపం వచ్చింది.

"పోతే పో అనేసినా పాపా. తిరిగి కూడా చూడలే. పోయొస్తానని చెప్పకనే గడప దిగినాడు. నా మాటనే ఎత్తుకొని పోయినాడు," అని గుండె బాదుకుంది. ఇరవైమంది ఓదార్చినా ఆమె ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోయి ఉంది.

చెప్పాలా వద్దా అని చాలాసేపు తన్నుకులాడాను. చివరికి చెప్పేశాను. అత్త నా చెయ్యి పట్టుకుంది.

"వస్తానన్నాడా?"

"అన్నాడత్తా. నీకు చెప్పమన్నాడు."

అప్పుడు ఏడ్చింది చూడండి, కరువుతీరా ఏడ్చింది. తర్వాత లేచి ముఖం కడుక్కుని, అన్నం పెట్టించుకుని తిన్నది. నా గుండె బరువు దిగింది. మంచిపనే చేశాననుకున్నాను.

కొన్ని నెలల తర్వాత మళ్ళీ వెళ్తే వీధి తలుపు బార్లా తీసి ఉంది. లోపల అత్త ఒక్కతే. పగలూ రాత్రీ అలాగే ఉంచుతోందని, కుక్కలు దూరుతున్నా వినడం లేదని పక్కింటావిడ చెప్పి బాధపడింది. నేను కూడా మందలించాను.

"వస్తానన్న మనిషికి తలుపు ఎట్ల ఏసేది పాపా?" అంది అత్త.

ఆ మధ్యాహ్నం నాతో మాట్లాడిందెవరో నాకు ఇప్పటికీ తెలియదు. నాకు తెలిసిన విద్య అంతా పెట్టి వెతికాను, దొరకలేదు. మెషిన్లయితే ఎన్నోసార్లు దిగాయి, తిరిగి ఎక్కాయి.

బయలుదేరేటప్పుడు అలవాటుగా "పోయొస్తానత్తా" అనేశాను. అత్త "పోయి రా" అనలేదు. తెరిచి ఉన్న తలుపు వైపు చూస్తూ, "చెప్పినోళ్ళు రావాల కదా పాపా," అంది.