చీటీలో కన్నీరు

లాండ్రీ వెనక గదిలో కుట్టుమిషను ముందు కూర్చునే ఆవిడను అందరూ పిన్ని అనే పిలిచేవారు, ఆవిడకంటే పెద్దవాళ్లు కూడా. గదికి ఒకటే కిటికీ. దాని అవతల తాళ్ల మీద తెల్లటి దుప్పట్లు ఆరుతుండేవి. గాలికి అవి కదిలినప్పుడల్లా గదిలోకి వెలుగు వచ్చి పోతుండేది. ఇస్త్రీ ఆవిరిలో, తడిగుడ్డల వాసనలో పిన్ని ఇరవై రెండేళ్లుగా చిరుగులు కుడుతూ ఇంగ్లీషు గురించి ఆలోచిస్తుండేది.

ఆ లాండ్రీ పిన్ని అక్క భర్తది. బావగారు ప్రతి బట్టకూ చీటీ గుచ్చి, చేయాల్సిన పనిని ఇంగ్లీషులోనే రాసి పంపేవాడు. తెలుగులో రాస్తే ఆయన దర్జాకు లోటు. పిన్ని ఒక జేబు నిఘంటువు పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం కూడబలుక్కునేది. ప్యాంటు ఒక్కటే అయినా ఆ భాషలో జత అనాలట. రెండు కాళ్లున్నాయి కాబట్టి సరే. మరి రెండు చేతులున్న చొక్కా ఒకటే ఎలా అయింది? ఇలాంటి ఆలోచనతో ఆవిడకు ఒక మధ్యాహ్నం హాయిగా గడిచిపోయేది.

ఒకరోజు నల్లటి ఉన్ని కోటు వచ్చింది, మగవాళ్లది. చీటీలో "కోటు" తర్వాత ఒకే ఒక్క మాట ఉంది: టి, ఇ, ఏ, ఆర్. ఇన్నేళ్లూ చీటీల్లో స్టిచ్, ప్యాచ్ లాంటి మాటలే వచ్చేవి; పిన్నికి ఇది కొత్త. బావగారు బయటికి వెళ్లాడు. నిఘంటువు తీస్తే "కన్నీరు" అని కనిపించింది. ఆవిడ మరోసారి చూసింది. కన్నీరే, ఆ ఒక్క మాటే.

పిన్నికి అందులో వింతేమీ తోచలేదు. బట్టల మీద టీ మరకలు పడతాయి, సిరా మరకలు పడతాయి. కన్నీళ్లు మాత్రం ఎందుకు పడవు? కోటును కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెతికింది. కాలరు మీద ఉప్పు చారలాంటి తెల్లటి మరక సన్నగా కనిపించింది. తడిగుడ్డతో మెల్లగా అద్ది తుడిచి, నీడలో ఆరబెట్టి పంపించేసింది.

రెండు రోజులకు ఆ కోటు పట్టుకుని ఒకావిడ వచ్చింది. టెలిఫోను ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరైన మనిషి. మాట మెత్తగా, స్పష్టంగా ఉంది.

"చంక కింద లోపలి గుడ్డ చిరిగిందని చెప్పాను కదండీ. అలాగే ఇచ్చేశారు."

బావగారు పిన్నిని పిలిచాడు. పిన్ని చీటీ చూపించింది. "కన్నీరు అని రాసుందమ్మా. కాలరు దగ్గర ఉంది, తుడిచేశాను."

"చిరుగు అని రాశాను," అన్నాడు బావగారు, ముఖం ఎర్రబడి.

"రెండూ ఒకటేనండీ," అంది ఆవిడ. "టియర్ అంటే కన్నీరు, టేర్ అంటే చిరుగు. అక్షరాలు అవే." తర్వాత కాలరును వేళ్లతో తడిమింది. "ఇది మావారిది. ఆయన పోయిన కొత్తలో ఇదే కప్పుకుని పడుకునేదాన్ని."

పిన్ని నొచ్చుకుంది. "తప్పు చేశానమ్మా. తుడవకుండా ఉండాల్సింది."

"పర్లేదులెండి. కొత్తవి పడుతూనే ఉంటాయి," అంటూ ఆవిడ నవ్వేసింది. నవ్వు ఆగలేదు. బావగారు కుర్చీ వేశాడు. పిన్ని ఆ చిరుగు కుట్టేదాకా ఆవిడ వెనక గదిలోనే కూర్చుంది.

తర్వాత కూడా మంగళవారాలు వస్తుండేది. కొన్నాళ్లకు పిన్ని ఆవిడను అక్కా అనడం మొదలుపెట్టింది.

"కుట్టడాన్ని ఇంగ్లీషులో ఏమంటావు?" అని ఒకసారి ఆవిడ అడిగింది.

"ఎస్, ఇ, డబ్ల్యూ. స్యూ, న్యూ లాగా."

"కాదు. సో అనాలి."

పిన్ని మిషను ఆపేసింది. "ఇరవై రెండేళ్ల నుంచి చేస్తున్న పనికి పేరు పలకడమే రాదన్నమాట నాకు. ఎందుకలాగ?"

"ఏమో. మాకూ అలాగే చెప్పారు. జవాబు తెలియకపోతే లైను బిజీ అనేవాళ్లం."

చలి మొదలవుతుండగా ఆవిడ కోటును మళ్లీ తెచ్చింది. ఈసారి చిరుగు లేదు. "నా కొలతకు తగ్గించు," అంది.

పిన్ని సుద్దతో గీతలు గీసింది. కత్తెర తీసి మళ్లీ కింద పెట్టింది. అలా మూడు మంగళవారాలు గడిచాయి.

"కోస్తే మళ్లీ అతకదక్కా."

"తెలుసు. కట్ అనే మాట చూడు. కోయక ముందూ అదే, కోశాకా అదే. మారదు. కోసెయ్."

పిన్ని కోసింది. భుజాల దగ్గర నాలుగు వేళ్లు, చేతుల దగ్గర అర జానెడు. మిగిలిన ఉన్ని ముక్కలను పారెయ్యలేక మడతపెట్టి ఆవిడ చేతికే ఇచ్చింది. ఆవిడ కోటు తొడుక్కుని, చేతులు జేబుల్లో పెట్టుకుని, అద్దం ముందు అటూ ఇటూ తిరిగింది. విప్పకుండా అలాగే బయటికి నడిచింది.

పిన్ని వీధి గుమ్మం దాకా వచ్చి చూసింది. భుజాలు సరిగ్గా కుదిరాయి. వీపు మీద మాత్రం ఒక కుట్టు కాస్త పట్టేసింది. అది ఇంకెవరి కంటికీ ఆనదు. మంగళవారం సరిచేయాలి అనుకుంటూ, ఆవిడ వీధి మలుపు తిరిగేదాకా పిన్ని అక్కడే నిలబడింది.