తియ్యటి బావినీళ్లు

దరియావలి బుచ్చిరెడ్డిపాలెంలో బ్యాటరీలు బాగుచేసేవాడు. యాసిడు పడి అతని చొక్కాలన్నీ చిల్లులే. 1961 వేసవిలో కంట్రాక్టరు జీవానందం గారు తన కారు బ్యాటరీని జట్కాలో వేసుకొచ్చారు. అది చచ్చిపోవడం ఏడాదిలో మూడోసారి. అంగడి ముందు అందరూ వినేలా అరిచారు.

"పాత ప్లేట్లు వేసి కొత్తవని చెప్పినావు. దొంగవి నువ్వు!"

దరియావలి మూతలు విప్పి చూశాడు. "దీంట్లో ఏం నీళ్లు పోస్తుండారు సార్?"

"మా బావివే. తియ్యటి నీళ్లు. నీ సీసా నీళ్లెవరిక్కావాల?"

దాహానికని ఆయన తెచ్చుకున్న కూజాలోని బావినీళ్లు ఒక గిన్నెలో, తన డిస్టిల్డు వాటరు ఇంకో గిన్నెలో పోసి, దరియావలి రెండూ ఇగిరేదాకా కాచాడు. బావినీళ్ల గిన్నె అడుగున తెల్లటి సున్నం మిగిలింది. రెండోది శుభ్రంగా ఉంది.

"మనిషికి మంచివే సార్. బ్యాటరీకి విషం."

"మా తాత తవ్విచ్చిన బావిలో విషమా? నోరు మూసుకోని ప్లేట్లు మార్చు!"

"ముందు దొంగన్న మాట వెనక్కి తీసుకోండి."

ఆయన తీసుకోలేదు. దరియావలి బ్యాటరీని ఎత్తి జట్కాలో పెట్టేశాడు. తర్వాత ఆ కారు నెల్లూరు రోడ్డులో ఎక్కడ ఆగిపోయి కనిపించినా, తల తిప్పకుండా సైకిలు తొక్కుకుంటూ పోయేవాడు.