టైలరు దాచిన మాత్ర

టైలరు గారిది పెద్ద నోరు. ఎవరి నడుం చుట్టూ టేపు తిప్పినా, బల్ల దగ్గరున్న కోడలికి "రాసుకో, నలభై రెండు!" అని వీధి వీధంతా వినపడేలా అరుస్తాడు. కాస్త మెల్లగా అనమని బతిమాలితే, "పెంచింది మీరు, నేను కొలిచానంతే" అంటాడు. అలాంటి మనిషి, ప్రోస్టేట్ వాపుకి డాక్టరిచ్చిన మాత్రని మాత్రం గుండీల డబ్బాలో దాచి రెండేళ్లుగా దొంగచాటుగా మింగుతున్నాడు. కుర్చీలోంచి లేవగానే కళ్లు తిరిగితే కుర్చీని తిట్టేవాడు. కోడలికి తెలిస్తే తలెత్తుకోలేనని భయం. ఆ డబ్బాలో రోజూ చెయ్యి పెట్టేది కోడలేనన్న సంగతి మరిచిపోయాడు, మహానుభావుడు.

ఈలోగా కంట్లో శుక్లం ముదిరింది. నల్లగుడ్డ మీద నల్లదారం కనబడటం మానేసింది. ఆ కన్ను పోతే ఆయన చేతిలో పని పోయినట్టే.

ఆపరేషన్ రోజున కోడలే తోడొచ్చింది. ఆసుపత్రి హాల్లో నర్సు ఒక్కొక్కరినీ మందుల గురించి అడుగుతూ వచ్చింది.

"బీపీ మాత్ర ఒక్కటే," అన్నాడు టైలరు.

"ప్రోస్టేట్ మందేమైనా?"

"అబ్బే!" మొన్ననే మానేశాను కదా, అబద్ధమెలా అవుతుందని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు.

నర్సు కదల్లేదు. "బాగా గుర్తు తెచ్చుకోండి, బాబాయిగారూ. వాటిలో కొన్నిటివల్ల కనుపాప చుట్టూ ఉండే పొర వదులైపోతుంది. ఆపరేషన్ మధ్యలో జారి అడ్డం పడుతుంది. మందు మానేసినా ఆ వదులు పోదు. ముందే తెలిస్తే డాక్టరుగారు జాగ్రత్తపడతారు."

వదులు లైనింగు సూది కింద ముడుచుకుపోవడం ఆయన ఎన్నిసార్లు చూడలేదు! చొక్కా అయితే విప్పి మళ్లీ కుట్టొచ్చు. కన్నుని విప్పి కుట్టేదెవడు? తన సిగ్గు మీద తనకే ఒళ్లు మండింది. కుర్చీ పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"రాసుకోమ్మా! ప్రోస్టేట్ వాపు! రెండేళ్లుగా మందు! లేస్తే కళ్లు తిరుగుతాయి, అదీ రాయి!"

"ఆ మందుకి కళ్లు తిరుగుతాయి, బీపీ మాత్రతో కలిస్తే ఇంకానూ. అదీ డాక్టరుగారికి చెప్పాలి," అంది నర్సు.

కోడలు సంచిలోంచి మాత్రల అట్ట తీసి ఆమె చేతిలో పెట్టింది. "మందు పేరు దీనిమీద ఉంది. గుండీల డబ్బాలోదే, మావయ్యగారూ."

ఆయన దగ్గరే ప్యాంట్లు కుట్టించుకునే బట్టతలాయన కూడా కంటి ఆపరేషన్‌కే వచ్చి పక్క కుర్చీలో ఉన్నాడు. కిసుక్కున నవ్వాడు. ఆ వెంటనే టైలరు చెవి దగ్గరకి ఒంగాడు. "నాకూ అదే మందు. నాది కూడా రాసుకోమని నర్సుకి మెల్లగా చెప్పవూ?"

"మెల్లగానా? నీ నడుం కొలతైతే ఇన్నాళ్లూ నేనే అరిచాను. ఇది నీ కన్ను. లే, నువ్వే అరిచి చెప్పు!"